కాలనిర్ణయమున విమర్శనబుద్ధి: నన్నెచోడ వాదము నేర్పు పాఠము

విమర్శ యనగా దోషములెన్నుట యను నభిప్రాయము లోకమున పాతుకొని యున్నది. శబ్దమును బట్టి చూచినచో 'మృశ్' ధాతువునకు తాకుట, తడవి చూచుట యని యర్థము. ఒక మాట మనకడకు వచ్చినప్పుడు దానిని వెంటనే తలకెత్తుకొనక, త్రోసివేయక, చేతితో తడవి దాని గట్టితన మెంతయో తెలిసికొనుటయే విమర్శ. ఈ బుద్ధి విద్యార్థులలో కొరవడుచున్నదని అధ్యాపకులందరును చింతించుచున్నారు. దానిని పెంపొందించుటకు తర్కశాస్త్రమును ప్రత్యేకముగా బోధింపవలెనని కొందరు, కొత్త పాఠ్యప్రణాళికలు కావలెనని కొందరు చెప్పుచున్నారు. వారి మాటను నేను కాదనను. కాని తెలుగు శాఖలో నేడు మనము బోధించుచున్న విషయముననే దానికి వలసిన సామగ్రి పుష్కలముగా నున్నదనియు, దానిని మనమే చేజేతుల పాడుచేసికొనుచున్నామనియు ఈ వ్యాసమున నిరూపింప ప్రయత్నించెదను.

ఆ సామగ్రి కవుల కాలనిర్ణయము. అందును నన్నెచోడుని కాలమును గూర్చి నూరు సంవత్సరములకు పైగా సాగిన వాదము.

ఈ వాదమును మన విద్యార్థులు చదువు తీరు అందరెరిగినదే. 'నన్నెచోడుని కాలమును చర్చింపుడు' అని ప్రశ్న. 'ఫలానావారి మతమున నన్నయకు పూర్వుడు, ఫలానావారి మతమున నన్నయకు అనంతరుడు, అనంతరుడనుటయే సమంజసము' అని సమాధానము. పేర్లు నాలుగు చెప్పినవానికి ఎక్కువ మార్కులు, రెండు చెప్పినవానికి తక్కువ. 'ఏల సమంజసము?' అను ప్రశ్న ఎవరును వేయరు. ఈ వ్యాసకర్తయు విద్యార్థిదశలో ఇట్టి సమాధానమే వ్రాసి ఉత్తీర్ణుడైనవాడు. అధ్యాపకుడైన తరువాత ఒక విద్యార్థి తరగతిలో లేచి, "ఆ మతమునకు ఆధారమేమండి?" అని యడిగినప్పుడు గాని, తనకు తెలిసినది మతముల పట్టికయే కాని వాదము కాదని అతనికి బోధపడలేదు.

ఇక విషయమునకు వత్తము. మానవల్లి రామకృష్ణకవిగారు 1909 లో నన్నెచోడుని కుమారసంభవ ప్రథమభాగమును ప్రకటించిరి. అంతవరకు మరుగుపడియున్న ఒక మహాకావ్యము, పండ్రెండాశ్వాసముల గ్రంథము, దానితో లోకమునకు తెలియవచ్చెను. కవి ఒరయూరి ప్రభువు, చోడబల్లికిని శ్రీసతికిని పుత్రుడు, కవిరాజశిఖామణి యను బిరుదము గలవాడు, తన గురువైన జంగమ మల్లికార్జునునకు కృతి నంకితమిచ్చినవాడు. రామకృష్ణకవిగారు ఈ కవి క్రీ.శ. 940 ప్రాంతమువాడని, అనగా నన్నయకు నూరేండ్లు పూర్వుడని ప్రతిపాదించిరి. ఆదికవి పీఠము కదలినట్లయ్యెను. పండితలోకము రెండు పక్షములుగా చీలినది. నేడు అధికసంఖ్యాకుల యభిప్రాయము కవిని నన్నయ తిక్కనల నడుమ, పండ్రెండవ శతాబ్దమున నిలుపుచున్నది.

ఇప్పుడు ఒక్కొక్క యాధారమును తడవి చూతము.

మొదటిది, నన్నెచోడుడు నన్నయను పేర్కొనలేదు. కావున నన్నయకు పూర్వుడు అను వాదము. వినుటకిది సహజముగా తోచును. కాని ఒక కవి మరియొక కవిని స్మరింపకపోవుటకు ముందు పుట్టుట యొక్కటియే కారణమా? దూరదేశమున నుండి ఆ కృతిని చూడకపోవచ్చును. పరమశైవుడై భారతకవిని స్తుతింప నిచ్ఛగింపకపోవచ్చును. సంస్కృతకవులను, గురువులను మాత్రమే కొనియాడుట తన నియమముగా పెట్టుకొనవచ్చును. ఇన్ని విధముల సంభవించు మౌనము ఒకే విషయమునకు సాక్ష్యము కాజాలదు. మన తార్కికులు దీనికి అనైకాంతికమని పేరిడిరి. కొండమీద నిప్పున్నది, ఏలయనగా కొండ తెలియదగిన వస్తువు గనుక, అని యొకడన్నచో, తెలియదగిన వస్తువులలో చెరువు కూడ నున్నది కదా యని అన్నంభట్టు తర్కసంగ్రహము చదివిన బాలుడు నవ్వును. అదే దోషము కాలనిర్ణయ వేషమున వచ్చినప్పుడు మనము నవ్వము, పరీక్షలో వ్రాసెదము.

రెండవది శాసనాధారము. కవి తండ్రి పేరు చోడబల్లి. శాసనములలో చోడబల్లి యను పాలకుడు కనబడుచున్నాడు. కావున శాసనకాలమే కవికాలము అను వాదము. శాసనము రాతిమీద చెక్కినది గనుక దానికి సహజముగానే గౌరవ మెక్కువ. కాని ఇచ్చట రాయి చెప్పునది ఆ పేరుగల పాలకుడొకడుండెనని మాత్రమే. అతడే మన కవి తండ్రి యని రాయి చెప్పలేదు, మనము చెప్పుచున్నాము. రాజవంశములలో తాత పేరు మనుమనికి వచ్చుట ఆచారము. నెల్లూరి చోడులలో నల్లసిద్ధి, మనుమసిద్ధి యను పేర్లు మరల మరల వచ్చుటచేత చరిత్రకారులు పడిన చిక్కులు పరిశోధకులెరుగనివి కావు. పేరు ఒకటియైనంతమాత్రమున మనిషి ఒకడు కాడు. పేరుతో పాటు తల్లి పేరు, బిరుదము, పాలించిన సీమ, గురువు, వీనిలో రెండు మూడైనను కలిసినప్పుడు గాని అభేదము సిద్ధింపదు. అంతవరకు ఈ హేతువు అసిద్ధము. రాతి గట్టితనమును మన యూహకు అంటగట్టుకొనరాదని ఇందలి పాఠము.

మూడవది కుమారసంభవ పీఠికలోని ఒక పద్యము. పూర్వము మార్గకవిత లోకమున వెలయుచుండగా, చాళుక్యరాజు మొదలుగా పలువురు ఆంధ్రదేశమున దేశికవితను పుట్టించి నిలిపిరని దాని భావము. పూర్వవాదులు ఈ చాళుక్యరాజు నన్నయ ప్రభువునకు ముందరివాడనిరి. అనంతరవాదులు ఇతడు రాజరాజనరేంద్రుడే యనిరి. పద్యము మాత్రము రాజు పేరు చెప్పలేదు. ఈ పద్యమును ఏ పక్షమువారు చదివినను అది వారి పక్షముననే మాటాడును. ఇట్టి యాధారములు మిక్కిలి ప్రమాదకరములు. ముందుగా ఒక నిశ్చయమునకు వచ్చినవానికి అవి నిశ్చయమును దృఢము చేయునట్లు తోచును. వాస్తవమున అవి నిశ్చయమునుండి అర్థమును తెచ్చుకొనుచున్నవి, నిశ్చయమునకు అర్థము నిచ్చుట లేదు. రాజరాజనరేంద్రుడని అర్థము చెప్పి, ఆ యర్థముచేతనే కవి నన్నయకు తరువాతివాడని సాధించువాడు తిరిగినచోటనే తిరుగుచున్నాడు.

నాల్గవది మిక్కిలి రుచిరమైనది. అథర్వణుని పేర ప్రచారమందున్న ఛందోగ్రంథపద్య మొకటి కలదు. కృతిమొదట మగణమునకు పక్కన రగణమును నిలిపినవానికి మరణము తప్పదనియు, టెంకణాదిత్యుడు అట్లు నిలిపియే యుద్ధమున మడిసెననియు అది చెప్పును. టెంకణాదిత్యుడు నన్నెచోడుని బిరుదము. కుమారసంభవ ప్రథమపద్యము స్రగ్ధర. స్రగ్ధర మగణ రగణములతోనే ప్రారంభమగును. ఈ పొందిక యాదృచ్ఛికమని త్రోసివేయదగినది కాదు.

విద్యార్థి ఇచ్చట రెండు విధముల తప్పిపోవుటకు వీలున్నది. గణదోషముచేత రాజు చచ్చుట మూఢవిశ్వాసము గనుక పద్యమంతయు నిరాకరింపదగినదని యొకడనును. పద్యము ప్రాచీనము గనుక అందలి ప్రతివాక్యమును ప్రమాణమని వేరొకడనును. ఇద్దరును సాక్షి నమ్మకమునకును సాక్షి తెలిసికొన్నదానికిని గల భేదమును గమనింపలేదు. గణము చంపునన్నది లాక్షణికుని నమ్మకము. దాని విలువ నమ్మకము విలువయే. మ-ర గణములతో కృతిని మొదలిడిన టెంకణాదిత్యుడను కవి యొకడుండెనన్నది అతడెరిగిన విషయము. దాని విలువ వేరు. కారణము చెప్పుటలో పొరపడినవాడు చూచినదానిని చెప్పుటలో పొరపడవలెనను నియమము లేదు. పల్లెలో ముసలమ్మ, తోకచుక్క పొడిచినందున కరవు వచ్చినదని చెప్పినచో తోకచుక్కకును కరవునకును సంబంధమును మనము నమ్మము. కాని ఆమె చిన్ననాట తోకచుక్క పొడిచిన యేడు కరవు వచ్చినదన్న జ్ఞాపకమును పారవేయము.

సరే, ఈ పద్యమువలన తేలినదేమి? పద్యకర్తకంటె టెంకణాదిత్యుడు ముందరివాడని తేలినది. నన్నయకంటె ముందరివాడని తేలలేదు. ఆధారము ఎంతదూరము నడచునో అంతదూరమే దానితో నడచి, అది ఆగినచోట మనమును ఆగవలెను. ఈ యాగుటయే విమర్శలో మిక్కిలి కష్టమైన పని.

అనంతరవాదుల హేతువులను కూడ ఇదే తక్కెడలో తూచుట న్యాయము. ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద, షష్ఠ్యంతములు మొదలైన కావ్యావతారికా లక్షణములు కుమారసంభవమున పరిపూర్ణముగా నున్నవి. నన్నయ యందు షష్ఠ్యంతములు లేవు, తిక్కన యందున్నవి. జాను తెనుగను మాట నన్నెచోడుని యందును పాల్కురికి సోమనాథుని యందును కనబడును. జంగమ శబ్దము వీరశైవవాసన గలది. ఇవి యన్నియు కవిని పండ్రెండవ శతాబ్దమువైపు లాగుచున్నవి. పూర్వవాదులు దీనికి ఎదురుగా కావ్యమందలి అపూర్వ పదజాలమును, కన్నడ పదములను చూపి భాష ప్రాచీనమనిరి. ఒకే విషయమున ఇటు ఒక హేతువు, అటు ఒక హేతువు నిలిచినప్పుడు అది సత్ప్రతిపక్షము. అట్టి చోట చేయవలసినది గొంతు పెంచుట కాదు. రెండు హేతువులలో ఏది మరియొక విధముగా సమన్వయింపదగునో చూచుట. అరుదైన పదములు ప్రాంతభేదముచేతను, కవి రుచిచేతను రావచ్చును. కాని అవతారికా లక్షణములు, దేశికవితాభిమానము, జాను తెనుగు, జంగమ సంప్రదాయము, ఇన్ని వేరువేరు దిక్కులనుండి వచ్చి ఒకేచోట కలియుటను కేవలము కవిరుచిచేత సమర్థించుట కష్టము. ఏ యొక్క హేతువును నిర్ణాయకము కాకున్నను, ఒకదానిపై నొకటి యాధారపడని పెక్కు హేతువులు కూడినప్పుడు త్రాసు ఒరగును. నేను అనంతరపక్షమునకు ఒరగుటకు కారణ మిది. ఒరగుచున్నాననియే చెప్పుచున్నాను, నిర్ణయమైనదని చెప్పుట లేదు.

నిర్ణయమనగా ఎట్లుండునో చూడవలెనన్నచో నన్నయ కాలమును చూడవలెను. రాజరాజనరేంద్రుడు 1022 లో పట్టాభిషిక్తుడయ్యెను. అతని ముప్పదిరెండవ పాలనవర్షమున, అనగా 1053 లో వెలసిన నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టు. దానము గొన్నవాడు నారాయణభట్టు. భారతావతారికలో నన్నయ తన రచనకు తోడ్పడినవాడుగా చెప్పినది ఈ నారాయణభట్టునే. కావ్యము రాగిరేకులను చూచి వ్రాసినది కాదు, రాగిరేకులు కావ్యమును చూచి వ్రాసినవి కావు. అయినను రాజు, కవి, కవిమిత్రుడు మువ్వురును రెంటియందును కలసినారు. రెండు స్వతంత్రసాక్ష్యములు ఇన్ని యంశములందు ఏకీభవించినప్పుడు కలుగు విశ్వాసమునకును, ఒక పేరు కలిసినప్పుడు కలుగు ఉత్సాహమునకును గల భేదమును విద్యార్థి ఒకసారి కన్నులార చూచెనా, ఇక జీవితమున మరువడు.

నన్నయకు పూర్వము తెలుగు పద్యమే లేదని వెనుకటివారు కొందరు భావించినది నేడు నిలువదు. అద్దంకిలోని పండరంగని శాసనమున తరువోజ యున్నది. బెజవాడ యుద్ధమల్లుని శాసనమున మధ్యాక్కరలున్నవి. కురిక్యాల కొండమీద, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతమున చెక్కించిన శాసనమున కందపద్యములున్నవి. కావున 940 ప్రాంతమున తెలుగు పద్యము పుట్టుట అసంభవమను పూర్వపక్షము తొలగినది. కాని అసంభవము కాదన్నంతమాత్రమున సంభవించినదని కాదు. కందపద్యము ఉండుట వేరు, పండ్రెండాశ్వాసముల ప్రౌఢకావ్యము ఉండుట వేరు. తలుపు తెరచియున్నదన్నంతమాత్రమున ఎవరో లోనికి వచ్చిరని చెప్పరాదు.

ఇక్కడ ఒక చిక్కైన విషయమును ప్రస్తావింపవలెను. కుమారసంభవము ప్రాచీనమే కాదు, ఆధునికుల కల్పన యని శంకించిన విమర్శకులును కలరు. ఈ శంకను వినుటకే ఇష్టపడనివారు కొందరు, విన్నంతనే నమ్మువారు కొందరు. సంశయము విమర్శకు ద్వారము. కాని సంశయమునకును ప్రమాణము కావలెను. పైని చెప్పిన అథర్వణపద్యమునే చూడుడు. కావ్యము ప్రాచీనమైనచో స్రగ్ధరతో పొందిక సహజము. కల్పితమైనచో, కల్పించినవాడు ఆ పద్యము నెరిగియే స్రగ్ధరతో మొదలిడెననవచ్చును. కావున ఈ పొందిక ఈ రెంటిలో దేనిని నిర్ణయించుటకును చాలదు. కల్పించువానికి అందుబాటులో లేని సాక్ష్యము కావలెను: 1909 కి ముందే వేరువేరు తావుల నిలిచిన ప్రతులు, పాత సంకలనములందలి ఉదాహరణములు, కావ్యము వెలువడిన పిదప గాని బయటపడని శాసనములతో దాని పదప్రయోగములకు గల సామ్యము. 'నాకు శంకగా నున్నది' యనువానిని 'ఏది కనబడినచో నీ శంక తీరును?' అని యడుగవలెను. దానికి సమాధానము లేనివాని శంక విమర్శ కాదు, అభినివేశము.

అభినివేశమన్న మాట వచ్చినది గనుక దానిని దాటిపోరాదు. ఈ వాదమున కేవలము ఆధారములే పోరాడలేదు. శైవాభిమానము పోరాడినది, భారతభక్తి పోరాడినది, మన సాహిత్యము ఎంత వెనుకకు పోయిన అంత గొప్ప యను దేశాభిమానము పోరాడినది. 2008 లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినది. అది సంతోషింపదగినదే. కాని ప్రాచీనత గౌరవమునకు కొలబద్ద యైనప్పుడు ప్రతి తేదీని ఒక నూరేండ్లు వెనుకకు జరుపవలెనను కోరిక పరిశోధకునికి తెలియకయే అతని కలములోనికి దిగును. తాను కోరిన ఫలితము వచ్చినప్పుడు ఆధారమును రెండుమారులు పరీక్షించువాడే పరిశోధకుడు. కోరని ఫలితమును అందరును పరీక్షింతురు. అందులో గొప్ప లేదు.

ఈ యభ్యాసము కావ్యచరిత్రకే పరిమితమైనచో దీనిని గూర్చి ఇంత వ్రాయ నవసరము లేదు. మన విద్యార్థులలో కాలనిర్ణయము చేయువారు నూటికొకరైనను ఉండరు. పెక్కుమంది ఉపాధ్యాయులు, పత్రికారచయితలు, అనువాదకులు, కార్యాలయోద్యోగులు అగుదురు. కార్యాలయమున ఒక దస్తావేజు వచ్చును. దానిమీద వ్రాసిన తేదీ ఒకటి, ముద్రకాగితము వెనుక అమ్మినవాడు వేసిన తేదీ దానికి తరువాతిది. వ్రాసినవాని మాటకంటె, వ్రాసినవాని యధీనమున లేని గురుతు బలవత్తరమని నందంపూడి శాసనము చదివినవానికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలో ఒకరు ఫలాని కషాయము త్రాగగా మూడుదినములలో జ్వరము తగ్గినదందురు. త్రాగనివారికిని మూడుదినములలో తగ్గు జ్వరములున్నవి కదా యని అనైకాంతికము నెరిగినవాడు యోచించును. చేతిలోని ఫోనులో వేమన పద్యమని యొకటి వచ్చును. మకుటము సరిగానే యుండును. మకుటము ఎవరైనను తగిలింపవచ్చునని, బ్రౌను దొర 1829 లో వేమన పద్యములను ప్రకటించుటకు పూర్వమే వ్రాతప్రతులలో పద్యముల సంఖ్యయు పాఠములును ప్రతికొకవిధముగా నుండెనని యెరిగిన విద్యార్థి దానిని పదిమందికి పంపుటకు ముందు ఒక్కక్షణ మాగును. ఆ యొక్క క్షణమే మనము బోధింపగల విద్య.

కావున అధ్యాపకులకు నా మనవి స్వల్పమైనది. నన్నెచోడుని గూర్చిన పాఠమున మతముల పట్టికను తగ్గించి, ఒక్క యాధారమును విద్యార్థి చేతికిచ్చి నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది యెవరికి ఎట్లు తెలిసినది? ఇది మరియొక విధముగా సంభవింపవచ్చునా? దీనిపై నాధారపడని వేరొక సాక్ష్యము కలదా? ఏమి కనబడినచో నీ యభిప్రాయమును మార్చుకొందువు? ప్రశ్నపత్రమున 'కాలమును నిర్ణయింపుడు' అనుటకు బదులు 'ఈ హేతువు ఎంతవరకు చెల్లునో వ్రాయుడు' అని యడుగుడు. తప్పు నిర్ణయమునకు సరియైన దారిలో వచ్చినవానికి, సరియైన నిర్ణయమును కంఠస్థము చేసినవానికంటె ఎక్కువ మార్కులు వేయుడు. పరిశోధకవిద్యార్థుల సిద్ధాంతవ్యాసములలో పూర్వులమతముల అధ్యాయమునకు ఎన్ని పుటలున్నవో, తన మతమునకు విరుద్ధముగా నున్న యాధారములను చర్చించు అధ్యాయమునకు అందులో సగమైనను ఉన్నవో లేవో చూడుడు.

నన్నెచోడుని కాలము రేపు ఒక కొత్త శాసనముతో తేలవచ్చును. తేలిననాడు ఈ వ్యాసమున నేను ఒరగిన పక్షము తప్పని తేలినను తేలవచ్చును. అందువలన నాకు నష్టము లేదు. 'ఆధారమేమండి?' అని నన్నడిగిన యా విద్యార్థికి ఆనాడు నేను సరియైన సమాధాన మీయలేకపోతిని. ఆ ప్రశ్న మన తరగతులలో మరల మరల వినబడినచో ఆ ఋణము కొంత తీరినట్లు భావింతును.